తోక కోసిన ఎంజైమ్

పైడిరాజుకి మూడేళ్లు చుక్కలు చూపించిన ఎంజైమ్ ఎట్టకేలకు స్ఫటికం కట్టి తన ఆకారం బయటపెట్టింది. కణంలో ప్రోటీన్ల తయారీకి సరుకు మోసే టీఆర్ఎన్ఏ మీద చిన్న రసాయన ముద్ర వెయ్యడం దాని పని. అలాగని అతని గురువు షంషాద్ మేడమ్ ఇరవై ఏళ్ల కిందటే రాశారు.

తీరా పరీక్షిస్తే అది ఏ ముద్రా వెయ్యలేదు. పదకొండుసార్లు చేసి చూశాడు. పదకొండుసార్లూ మొండికేసింది.

"సోమవారం సెమినార్లో చెప్పేస్తాను మేడమ్. ఆ ఎంజైమ్‌కి ఆ పని రాదు. మీరు రాసింది తప్పు," అన్నాడు, ల్యాబంతా వింటుండగానే. అతని థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆవిడే. పెట్టకపోతే పీడా పోయింది, నిజం చెప్పడానికి కూడా దణ్ణాలు పెట్టాలా అని అతని ఉక్రోషం.

మేడమ్ కంప్యూటర్ తెర మీద ఎంజైమ్ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశారు.

"ముచ్చటగా ఉంది. ఎలా లొంగిందయ్యా?"

"చివర్న ఒక తోక ఊరికే ఊగుతుంటాది మేడమ్. అదుంటే స్ఫటికం కట్టదు. జన్యువులోనే కత్తిరించేశాను. అందరూ చేసేదే కదా."

"మరి పరీక్షకి?"

"అదే వాడాను. అంత మంచి సరుకు చేతిలో ఉంటే వేరేది ఎందుకు?"

మేడమ్ లేబుళ్లు అంటించే టేపు అందుకున్నారు. "చెయ్యి చాపు."

"బొటనవేలు గాని అడుగుతారా ఏటి?"

"నీ వేలు నాకెందుకు? నీ దగ్గరే ఉంచుకో," అంటూ అతని బొటనవేలిని అరచేతికి ఆనించి టేపుతో గట్టిగా చుట్టేశారు. చిటికెన వేలంత ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఆ చేతిలో పెట్టారు. "మూత తియ్యి. ఆ ఒక్క చేత్తోనే."

రోజుకి వందసార్లు ఒంటి చేత్తో మూతలు తీసేవాడే. గొట్టం జారింది. మళ్లీ పట్టుకుంటే మళ్లీ జారి బల్ల కిందికి దొర్లింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"అయితే నీకు మూత తియ్యడం రాదన్నమాట," అన్నారు మేడమ్.

"వేలు కట్టేసి రాదనేస్తే ఎలాగ మేడమ్!" అని అరిచాడు.

టేపు ఊడదీసుకుని, ఫ్రీజర్ తెరిచి, తోక కొయ్యని పాత ఎంజైమ్ కోసం వెతికాడు.

"సెమినార్ వాయిదా వెయ్యమంటావా?"

"వద్దు. దీంతో చేసి చూస్తాను. ఇదీ ముద్ర వెయ్యకపోతే మాత్రం మీది తప్పనే అంటాను."

"అనకపోతే ఊరుకోను," అన్నారు మేడమ్.