చీమలున్న అద్దం పలక

ఒక ఊళ్ళో పలకలు చేసే మనిషి ఉండేవాడు. అవి అరచేతిలో పట్టే అద్దం పలకలు. వేలితో రాస్తే అక్షరాలు మిణుగురుల్లా వెలిగేవి. గుండెలో బరువున్నవాళ్ళు అందులో రాసుకుని తేలికపడాలని అతని ఆశ.

అదే ఊళ్ళో ఒకామెకి ముద్ద దిగడం లేదు. మూడేళ్ళ కిందట కోపంలో సొంత చెల్లెల్ని, చచ్చినా నీ ముఖం చూడను అనేసింది. చెల్లెలుండేది రెండు వీధుల అవతలే. ఒక్కసారి చూడాలని ప్రాణం కొట్టుకుంటుంది, ఏమని వెళ్ళాలో తెలియదు. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

ఆమె ఒక పలక తెచ్చుకుని తనన్న మాట అందులో రాసింది. మొదటిసారి కాస్త ఊపిరాడింది. తెల్లారేసరికి పలక తనంతట తనే వెలిగి, నిన్న రాసింది తియ్యటి గొంతుతో చదివి వినిపించింది. మర్నాడూ అంతే. రాసినకొద్దీ పలక బరువెక్కింది. ఊళ్ళో అందరూ తమ పలకల్ని రెండు చేతులా మోస్తూ వంగి నడుస్తున్నారు.

ఆమె పలక తిరిగి ఇచ్చేసింది. అతను చిన్నబుచ్చుకుని, ఒక్క అక్షరం పోకుండా దాచాను కదమ్మా అన్నాడు.

"నా మొగుడే నయం నాయనా, చెప్పింది చెప్పినట్టు మర్చిపోతాడు."

అతనికి నవ్వొచ్చింది. వెంటనే ఆగిపోయింది.

ఎలా చెప్పాలో తెలియక ఆమె అతన్ని తన వాకిట్లోకి తీసుకెళ్ళింది. పొద్దున బియ్యప్పిండితో వేసిన ముగ్గుని చీమలు సగం తినేశాయి. అయ్యో, పాడైపోతోందే అన్నాడతను.

"పాడవడం ఏంటి? వాటికోసమే కదా పిండితో వేసేది. నిన్నటిది పోకపోతే ఇవాళ్టిది ఎక్కడ వెయ్యను?"

అతను ఎండ తిరిగేదాకా అక్కడే కూర్చున్నాడు. తర్వాత పలకలన్నిటిలోంచీ గొంతు తీసేసి, వాటిలోకి చీమల్ని వదిలి, ఆమె పలక ఆమెకి మళ్ళీ ఇచ్చాడు.

ఇప్పుడు ఆమె రాస్తుంటే అద్దం మూలనుంచి చీమలొచ్చి, తలో అక్షరం నెత్తిన పెట్టుకుని, ఆమె అరచేతి మీదుగా నేలకి దిగిపోయేవి. చక్కిలిగింతగా ఉండేది. చెల్లెలికి తల దువ్విన సంగతి రాసింది. తప్పు నాదే అని రాసింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తింది.

ఇవన్నీ ఎక్కడికి పోతున్నాయని ఒక మధ్యాహ్నం ఆమెకి అనుమానమొచ్చింది. పలకల మనిషిని తోడు పిలిచి చీమల వెనకే నడిచింది. వరస ఒక వీధి దాటింది, మురిక్కాలవ దాటింది, ఇంకో వీధి దాటి ఒక మూసిన తలుపు కిందికి దూరింది.

అది చెల్లెలి ఇల్లు.

"నువ్వే పంపావా?"

"లేదమ్మా. నేను వాటికి దారి పెట్టలేదు."

తలుపు మీదికి వెళ్ళిన ఆమె చెయ్యి ఆగింది. కిందికి చూసింది. అదే సందులోంచి ఇంకో వరస బయటికి వస్తోంది. ఎన్నాళ్ళుగా నడుస్తున్నాయో, మట్టిలో సన్నటి దారి పడిపోయింది. వాటి నెత్తినా అక్షరాలే. ఎదురుపడ్డ చీమలు ఒక్క క్షణం ఆగి, మూతులు ఆనించుకుని, అవి ఇటూ ఇవి అటూ సాగిపోతున్నాయి.