టీవీలో నాన్న నడక

ఏటి నడుమనున్న మా లంకలో గనిశెట్టి వారింట్లో ఉన్నంత తెలివి మరే ఇంట్లోనూ లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనకపోయినా వాళ్ళు మాత్రం రోజూ అనుకునేవారు. తల్లి అచ్చియ్యమ్మ, పెద్దవాడు అబ్బులు, చిన్నవాడు దొరబాబు. తెలివంటే ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేయడమేనని వాళ్ళ సిద్ధాంతం.

అచ్చియ్యమ్మ భర్త పోతురాజు పోయి ఏడాది కావస్తోంది. ఆయన కదులుతూ ఉన్న వీడియో ఒక్కటే మిగిలింది. పాత ఫోనులో తీసింది. భుజాన అరటిగెల పెట్టుకుని ఏటిగట్టు మీంచి ఇంటివైపు నడిచొస్తూ ఉంటాడు. సంవత్సరీకానికి వచ్చే చుట్టాలకి అది చూపించాలని కొత్త టీవీ కొన్నారు. పెట్టి చూస్తే ఇంకేముంది, పోతురాజు ఒక అడుగు వేసి ఆగుతాడు, మళ్ళీ ఎగిరి ఇంకోచోట తేలతాడు.

అచ్చియ్యమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మీ నాన్న కుంటేవోరు కాదురా. రేపు మీ పిన్ని సుభద్ర ఇది చూసిందంటే, బావగారి కాలు బాగోదని ఇన్నాళ్ళూ దాచారని ఊరంతా చెప్పుద్ది."

సుభద్ర ఆవిడ తోడికోడలు. ఎంత మాటైనా అనగలదు. అన్నదమ్ములిద్దరూ టౌన్లో స్టూడియో నడిపే గౌరీపతి దగ్గరికి పరిగెత్తారు.

"పాత ఫోను కదండీ, సెకనుకి పది బొమ్మలే తీసింది. టీవీకి పాతిక దాకా కావాలి. మధ్యలో బొమ్మలు చేర్చాలండి. ఫోను ఇచ్చెళ్ళండి, చేసిస్తాను," అన్నాడు గౌరీపతి.

"బొమ్మలు చేర్చడానికి నువ్వెందుకయ్యా?" అని అబ్బులు ఫోను జేబులో వేసుకుని వచ్చేశాడు. అంతే. నాన్న పెళ్ళిఫోటో, రేషన్ కార్డు ఫోటో, తీర్థంలో తీయించుకున్న ఫోటో, అన్నీ మెతుకులు రాసి టీవీ అద్దానికి అంటించారు. ఖాళీ ఎక్కడుంటే అక్కడ. చివరికి పోతురాజుకి తలా లేదు, కాళ్ళూ లేవు. అరటిగెల ఒక్కటే నడిచొస్తోంది.

"ఇప్పుడు కుంటట్లేదు కదమ్మా," అన్నాడు దొరబాబు. ఆ మాట నిజమే.

తల్లి ఏడుపు మాత్రం ఆగలేదు. గౌరీపతికి ఫోను చేశారు. సంగతంతా విని అతను అన్నాడు, "అలాక్కాదండి బాబూ. ఈ అడుక్కీ ఆ అడుక్కీ మధ్య అడుగు లేదు. ఆ మధ్య అడుగు వేయాలి."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా," అని దొరబాబు తండ్రి పంచె కట్టాడు. గెల బదులు భుజాన తలగడ పెట్టుకుని టీవీ ముందు నిలబడ్డాడు. నాన్న ఒక అడుగు, తనొక అడుగు. "నాన్నా, నువ్వు. తమ్ముడూ, నువ్వు," అని అబ్బులు పక్కన తాళం వేశాడు. నాలుగడుగులు పడ్డాయో లేదో పంచె కాళ్ళకి చుట్టుకుంది, మోకాలు టీవీ బల్లకి కొట్టుకుంది. ఇంకేముంది, చుట్టాలొచ్చే ముందురోజుకి ఇంట్లో కుంటేవాళ్ళు ఇద్దరయ్యారు.

"ఇంక వంశమంతా ఇంతే అంటది సుభద్ర," అని అచ్చియ్యమ్మ మంచం ఎక్కింది.

ఈ కబురు విని గౌరీపతి తనే పడవెక్కి వచ్చాడు. అబ్బులు జేబులోంచి ఫోను లాక్కుని వెళ్ళి, సాయంత్రానికి పెన్‌డ్రైవ్ తెచ్చి టీవీకి తగిలించాడు. "అమ్మగారూ, ఖాళీలన్నీ కంప్యూటరు నింపేసిందండి. బటన్ నొక్కి కూర్చోండి, చాలు." అబ్బులు బటన్ మీద వేలు పెట్టి కూర్చున్నాడు. ఆ పూట అన్నం కూడా తల్లి చేతే తినిపించుకున్నాడు.

మర్నాడు చుట్టాలందరి ముందు పోతురాజు నడిచాడు. కుదుపు లేదు, ఎగురు లేదు. బతికున్నప్పుడు ఎలా వచ్చేవాడో అలాగే తాపీగా వస్తున్నాడు. "బావగారి నడక చూడవే, ఎంత నిబ్బరమో," అంది సుభద్ర, పక్కావిడతో. ఆ మాటకి అచ్చియ్యమ్మ గుండె నిండిపోయింది. పోతురాజు దగ్గరికొచ్చేశాడు. పాదాలకి ఏటిబురద కూడా కనిపిస్తోంది. ఆవిడ ఒళ్ళు మరిచిపోయింది.

"ఎండనపడి వస్తున్నారు, కాళ్ళకి నీళ్ళివ్వండ్రా."

అంతే. అబ్బులు చెంబెడు, దొరబాబు కుంటుకుంటూ తెచ్చి బిందెడు, టీవీలో నాన్న పాదాల మీద కుమ్మరించారు. టీవీ చిటపటమంది, కాస్త పొగ వదిలింది, నల్లగా అయిపోయింది.

అచ్చియ్యమ్మ తృప్తిగా కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించి, "కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళి పడుకున్నారు. గట్టిగా మాట్లాడకండి," అంది.

చుట్టాలంతా మునివేళ్ళ మీద లేచి పెరట్లోకి నడిచారు. ఆఖర్న సుభద్ర వెనక్కొచ్చి, బావగారికి ఉక్కపోస్తుందని ఫ్యాను టీవీ వైపు తిప్పి వెళ్ళింది.