నక్క కట్టిన దొన్నెల తోరణం

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నోట్లో మిగిలిన రెండు పళ్ళూ ఈ క్షణమే రాలిపోవాలి. నమ్మకం లేకపోతే గొడుగుకొండ అడవికి వెళ్ళి అడగండి. అక్కడి చీమైనా ఇదే చెబుతుంది, కాకపోతే నా అంత బాగా చెప్పలేదు.

ఆ అడవికి పెద్ద ఎలుగుబంటి బొంతయ్య. ఎంత మంచివాడంటే, ఆయన ఒంటిమీది బొచ్చులో పిచ్చుకలు గూళ్ళు పెట్టుకుని, పిల్లల్ని పెంచుకుని, పెళ్ళిళ్ళు కూడా అక్కడే చేసేవి. ఆయన ఒకసారి పొరుగు అడవికి చుట్టపుచూపుగా వెళ్ళొచ్చి, "అక్కడ మనసు బాగోలేనివాళ్ళు గోడు చెప్పుకోవడానికి ఓ పాక ఉందర్రా! మనకీ ఉండాల్సిందే!" అన్నాడు. అనడమే తడవుగా మడుగు ఒడ్డున, అందరూ నీళ్ళకొచ్చే దారి మీద, అడవంతటికీ కనబడేలా పాక వేయించాడు. నెమలి చేత నాట్యం చేయించి మరీ తెరిచాడు.

పాకలో కూర్చుని వినే పని గేదె కాటుకమ్మది. ఆమె ఓపిక అలాంటిలాంటిది కాదు. ఓసారి పడుకుంటే వీపు మీద పుట్ట లేచి, అందులో పాములు కాపురం చేసి, నచ్చక ఖాళీ చేసి వెళ్ళిపోయాక గానీ ఆమె లేవలేదు. ఎవరైనా మాట్లాడుతుంటే నెమరేస్తూ, సరిగ్గా ఎక్కడ అనాలో అక్కడ "ఊఁ" అనేది. ఆ ఊఁ వింటే బండరాయి కూడా తన కష్టాలు మొదలుపెట్టేది.

ఇంత వైభోగమూ ఉండీ, పాకకి వచ్చేవాళ్ళు మాత్రం లేరు.

"ఏం వదినా, ఇవాళైనా ఎవరైనా వచ్చారా?" అంటూ వచ్చి వీపు మీద వాలింది కొంగ సున్నాలమ్మ. కాటుకమ్మ ఒంటిమీద గోమార్లు ఏరుకోవడం, అడవిలో కబుర్లు ఆమె చెవిలో వేయడం, ఈ రెండే దాని పనులు.

"ఒక ఈగ వచ్చింది."

"ఏం చెప్పుకుంది?"

"ఏమీ చెప్పుకోలేదు. దారి తప్పిందట."

"రారు వదినా, ఎలా వస్తారు? మొదట్లో ఆ ఉడత వచ్చి కాసేపు ఏడ్చి పోయింది కదా! నీళ్ళ దగ్గరున్నవాళ్ళంతా చూశారు. 'పాకలోకి వెళ్ళింది, మతి పోయింది' అని టముకేశారు. కుదిరిన కూతురి సంబంధం కాస్తా తప్పిపోయింది!"

కాటుకమ్మ నిట్టూర్చింది. ఆ గాలికి మడుగులో కెరటాలు లేచాయి.

ఆమె దిగులు పాక గురించి కాదు, కుందేలు దూదెమ్మ గురించి. గొడుగుకొండ వెనక మనుషులు కంకర క్వారీ తెరిచినప్పటినుంచీ ఆ పిల్ల నానాటికీ తీసికట్టు అయిపోతోంది. క్వారీలో మందుగుండు పెట్టి రాయి పేల్చారంటే ఆ చప్పుడుకి మబ్బులు చిరిగేవి, చిరిగిన మబ్బు కుట్టించుకోవడానికి పక్క జిల్లాకి పరిగెత్తేది. దూదెమ్మ బొరియ ఆ కొండ వాలులోనే. గాలి వీస్తే గడ్డిపరక పట్టుకుని నిలబడాల్సినంత చిక్కిపోయింది.

అదిగో, ఆ పొద్దూ అటే పోతోంది.

"ఏమే దూదెమ్మా, బాగున్నావా?"

"బానే ఉన్నానత్తా."

"తింటున్నావా?"

"ఆఁ... బానే. కాస్త తలనొప్పి, అంతే. నక్క గారి దగ్గర పసరు తాగొస్తా." పాక వైపు ఓరగా చూసింది. అక్కడ నీళ్ళు తాగుతున్న జింకల్ని చూసి, చెవులు దించుకుని వెళ్ళిపోయింది.

'ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఈ పిల్లలో చెవులు తప్ప ఏమీ మిగలవు' అనుకుంది కాటుకమ్మ.

నక్క పేరు కనకలింగం. కొండ మొదట్లో దాని పసరు దుకాణం. తలనొప్పికి నేలవేము పసరు, కడుపులో మంటకి నేలవేము పసరు, గుండెదడకి మాత్రం ప్రత్యేకంగా నేలవేము పసరు. దాని చేదు ఎంతటిదంటే, ఒక చుక్క నేలపడితే ఆ దారిన చీమలు తరతరాలుగా నడవడం మానేశాయి. మోదుగాకు దొన్నెలో పోసి ఇచ్చేది. తాగేవాళ్ళు ఆ చేదు ఓర్చుకోలేక దొన్నె అంచు గట్టిగా కొరికి పట్టుకునేవాళ్ళు. బదులుగా దుంపో, తేనెపట్టో, గుడ్డో ఇచ్చుకోవాలి. తాగిన దొన్నెలన్నీ కనకలింగం తీగకి గుచ్చి దుకాణం ముందు తోరణాలు కట్టి, వచ్చేపోయేవాళ్ళకి చూపించి మురిసిపోయేది.

ఆ పూట బొంతయ్య పాక ముందు అందర్నీ పోగుచేశాడు.

"ఏమర్రా, పాక ఖాళీగా పడి ఉంటోంది. మీలో మనసు బాగోలేనివాళ్ళు ఎవరో చేతులెత్తండి!"

ఒక్క చెయ్యి లేవలేదు. చంక గోక్కోవడానికి చెయ్యెత్తిన కోతి, అందరూ తనవైపే చూసేసరికి, గబుక్కున దించి ఆ చేతిమీద కూర్చుంది.

"అందరూ బాగున్నారన్నమాట. మరి పాకెందుకు?"

"అదే నేనూ అంటున్నా దొరా," అంది కనకలింగం తోక ముందుకు వేసుకుని. "ఆ పాక నాకిప్పించండి. నా దగ్గర దొన్నెలకి చోటు చాలడం లేదు. ఒక్కో దొన్నె నయమైన ఒక్కో ప్రాణం! కాటుకమ్మగారిదేముంది, 'ఊఁ' అనడానికి వైద్యం చదవాలా?"

"రేపు పొద్దున మళ్ళీ కూడదాం. అప్పగించేస్తా," అన్నాడు బొంతయ్య. అంటూ ఎందుకో గుండె రుద్దుకున్నాడు.

కాటుకమ్మకి కాలు నిలవలేదు. పాక పోతే పోయింది, కనీసం దూదెమ్మకి నయమవుతోందో లేదో కనుక్కుందామని మధ్యాహ్నం నక్క దుకాణానికి వెళ్ళింది. కనకలింగం లోపల పసరు నూరుతోంది. ఈవిడ తోరణం పక్కన నిలబడింది. నిలబడ్డ గేదె ముందు పచ్చాకు వేలాడుతుంటే ఏం జరుగుతుంది? అదే జరిగింది.

"అయ్యయ్యో! నా దొన్నె! నా దొన్నె తినేస్తున్నారండోయ్!" కనకలింగం రోకలితో సహా బయటికి దూకింది.

"ఆలోచనలో పడి అలవాటుగా కొరికేశా, ఏమనుకోకు," అంది కాటుకమ్మ నోరు నిండుగా.

"అనుకోకేం! ఒక ప్రాణం నయమైన లెక్క మీ కడుపులోకి పోయింది!"

"సగమే పోయిందిలే." మిగతా సగం బయటికి తీసింది. అంచున రెండు పళ్ళ గాటు, పక్కపక్కనే, బియ్యపుగింజల్లా. తోరణంలో పక్క దొన్నె చూసింది. అదే గాటు. ఆ పక్కదీ అదే. ఆ పైదీ అదే. పైగా నోట్లో ఏదో కరకరలాడుతోంది. నాలుకతో బయటికి తోసి చూస్తే తెల్లటి రాతిపొడి.

కాటుకమ్మ నమలడం ఆపేసింది. పుట్టాక అదే మొదటిసారి.

తిరిగొస్తూ దారిలో సున్నాలమ్మకి సంగతంతా చెప్పింది. కొంగ ఎగిరి గంతేసింది. "రేపు ఒక్కొక్కళ్ళ పేరూ విప్పేద్దాం వదినా! ఎవరెవరు ఎన్నిసార్లు..."

"నువ్వు నోరు మూసుకోవాలి."

"నేనా!"

"ఒక్క పేరు నీ నోట రాకూడదు. వచ్చిందా, మళ్ళీ నా వీపు మీద కాలు పెట్టనివ్వను."

"పేర్లు లేకుండా కబురేంటి వదినా? ఉప్పులేని పప్పు!" అని గునుస్తూనే ఒప్పుకుంది.

మర్నాడు పొద్దున సభ కూడింది. కాటుకమ్మ ముందుకొచ్చింది. "పెద్దయ్యా, పాక ఇచ్చేముందు ఒక్క కోరిక. వైద్యుడు గారి తోరణం అడవంతా కళ్ళారా చూడాలి."

కనకలింగం ముఖం పున్నమి చంద్రుడైపోయింది. కోతుల చేత మోయించుకుని తెచ్చింది. తోరణం మొదలు పాక దగ్గరికి వచ్చి కునుకు తీసి లేచేసరికి కూడా చివర ఇంకా కొండ దగ్గరే ఉంది.

"అబ్బ, ఎన్ని దొన్నెలో!" అంది కాటుకమ్మ. "ఇవన్నీ నిజంగా తాగినవేనా? ఉత్తవి గుచ్చలేదు కదా?"

"ఎంతమాట! నా తోక మీద ఒట్టు. ఒక్కటి దొంగది ఉంటే తోక కోసి ఇస్తా!"

"అందరూ విన్నారు కదా. సున్నాలూ, కానివ్వు. ఒకే పంటి గాటు ఉన్నవి ఒక కుప్ప వెయ్యి."

కొంగ ముక్కుతో టకటకా తీసి పడేసింది. పేర్లు నోటిదాకా వచ్చి, దాని గొంతు కప్పలా ఉబ్బింది పాపం. పనయ్యేసరికి అడవికి సరిపడా కుప్పలు ఉంటాయనుకున్నవాళ్ళు తెల్లబోయారు. చిన్నాచితకా పోగులు మడుగు వైపు వాళ్ళవి కొన్ని, దొన్నో అరదొన్నో. తతిమ్మావన్నీ కలిపి వేళ్ళమీద లెక్కపెట్టేన్ని కుప్పలే, కానీ ఒక్కోటి జిల్లేడు పొదంత.

"ఇంతమందేనా?" అన్నాడు బొంతయ్య. "మరి అడవంతటికీ నయం చేశానన్నావే?"

"ఎంతమందైతేనేం దొరా! నయం కాకపోతే మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తారు?" అంది నక్క.

"నయమైతే మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తారు?" అంది కాటుకమ్మ.

కోతులు నవ్విన నవ్వుకి పండినవీ పండనివీ కాయలన్నీ రాలిపోయాయి. కనకలింగానికి ఒళ్ళు మండిపోయింది. "అయితే ఎవరో నేనే చెబుతా! నా దగ్గరికి రోజూ వచ్చి గొల్లుమనేది ఎవరనుకున్నారు? ఈ రెండు పళ్ళ గాటు ఎవరిదంటే..."

దూదెమ్మ చెవులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుని నేలలోకి కుంగిపోయింది. కాటుకమ్మ మెల్లగా ఒక కాలెత్తి నక్క తోక మీద పెట్టింది. నక్క మాట "కుయ్" దగ్గర ఆగిపోయింది.

"పేర్లు వద్దు," అంది కాటుకమ్మ. "ఎవరి పళ్ళు వాళ్ళకి తెలుసు. కుప్పలు చూస్తే చాలు మనకి. పెద్దయ్యా, ఇటొచ్చి చూడండి. పెద్ద కుప్పలన్నిటి మీదా తెల్లటి రాతిపొడి. చిన్నవాటి మీద లేదు. అది క్వారీ పక్కన కాపురమున్నవాళ్ళ ఒంటినుంచి అంటిన పొడి. తలనొప్పి తలలోంచి రావట్లేదు, కొండ వెనక నుంచి వస్తోంది."

బొంతయ్య వంగి ఒక్కో కుప్పే చూసుకుంటూ వచ్చాడు. అన్నిటికంటే పెద్దదాని దగ్గర ఆగాడు. దొన్నెల అంచులు కొరికినవి కావు, చీలికలు పీలికలుగా చింపినవి. "అయ్యో పాపం, ఇదెవరో మరీ నలిగిపోతున్నారర్రా! ఇంత కష్టం పెట్టుకుని ఒక్కమాటైనా..." అంటూ ఒక దొన్నె పైకెత్తాడు. దాని అంచుకి నల్లటి పొడుగాటి వెంట్రుక అంటుకుని ఉంది.

సున్నాలమ్మ రెండు రెక్కలూ ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

బొంతయ్య ఆ వెంట్రుకని తన బొచ్చు పక్కన పెట్టి చూసుకున్నాడు. "నాదే," అన్నాడు చివరికి. "నా గుహ కూడా కొండలోనే కదా. రాయి పేలినప్పుడల్లా గుండె నోట్లోకి వస్తోందర్రా. కన్ను మూతపడితే కొండ మీద పడుతున్నట్టు ఉలిక్కిపడి లేస్తున్నా. అడవికి పెద్దని. ఎవరితో చెప్పుకోను? గుండెదడని చెప్పి పసరు తాగుతున్నా. నిన్న మిమ్మల్ని చేతులెత్తమన్నప్పుడు నా చెయ్యీ లేవలేదు."

"ఊఁ," అంది కాటుకమ్మ.

అంతే. బొంతయ్య చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. బొచ్చులో పిచ్చుకలన్నీ తడిసిపోయి బయటికొచ్చాయి. అప్పుడు గడ్డిలోంచి ఒక సన్నటి గొంతు, "నాకూ అలాగే పెద్దయ్యా. బొరియలోకి వెళ్ళాలంటేనే భయం. బానే ఉన్నానని అబద్ధం చెప్పా," అంది. దూదెమ్మ. వెనకే ఓ ముళ్ళపంది. ఆ వెనక ఓ ముంగిస. అప్పుడు ఉడత కూతురి సంబంధం తప్పించిన పెద్దమనుషులూ తల దించుకుని వరసలో నిలబడ్డారు.

కళ్ళు తుడుచుకున్నాక బొంతయ్య అడిగాడు. "ఇప్పుడేం చేద్దాం కాటుకమ్మా? పాకకి తలో చెయ్యీ వేసి ఇంకా పెద్దది చేద్దామా?"

"వద్దు పెద్దయ్యా. నలుగురూ చూసే చోట ఎవరొస్తారు? పాక ఎత్తి కొండ మొదట్లో, వైద్యుడు గారి దుకాణం వెనకాల వేయించండి. తలనొప్పని వచ్చేవాళ్ళు తలనొప్పని చెప్పే వస్తారు. అదే పంటి గాటు మళ్ళీ మళ్ళీ కనబడితే, వైద్యుడు గారు వాళ్ళని కాస్త వెనకనున్న పాకలోకి పంపిస్తే చాలు. నేనుంటా. క్వారీ వాళ్ళు రాయి పేల్చే వేళకి బొరియల్లో ఒంటరిగా ఉండక్కర్లేకుండా అందరూ నా పక్కనే పడుకోవచ్చు. నా ఒళ్ళు చాలకపోతే మా అక్కచెల్లెళ్ళని పిలిపిస్తా."

"మరి నా పాక?" అంది కనకలింగం.

"నీ తోక ఉంది కదా, అది ఉంచుకో," అంది సున్నాలమ్మ. పొద్దున్నుంచి మూసుకున్న నోరు కదా, ఆ ఒక్కమాటకే దాని ప్రాణం కుదుటపడింది.

పాక వాసాలూ తాటాకులూ కొండ దాకా మోసింది ఎవరనుకున్నారు? కనకలింగమే. మోసి మోసి దానికి తలనొప్పి వచ్చింది. తన పసరు తనే ఒక దొన్నె తాగి, ఆ చేదుకి అడవి చుట్టూ పరిగెత్తి, ఆ పరుగులో పక్క అడవిలో కూడా ఓసారి తిరిగొచ్చింది. తోరణం నానాటికీ పొట్టిదైపోయింది. ఒకనాడు దూదెమ్మ దొన్నె తోరణంలో అసలే కనబడలేదు. ఆ రోజు ఆ పిల్ల నిమ్మచెట్టంత బలంగా తయారై, క్యారట్ల తోట దోచుకోవడానికి వెళ్ళింది మరి. ఇప్పుడు అడవిలో తోరణం పొట్టిగా ఉన్న వైద్యుడికే మెప్పు. కనకలింగం పొట్టి తోరణం చూపించి నవ్వు ముఖం పెట్టడం నేర్చుకుంటోంది, ఇంకా అంత బాగా రావట్లేదు.

మళ్ళీ మళ్ళీ వచ్చే తలనొప్పికి మందు పోసే ముందు, ఎందుకొస్తోందో అడిగినవాళ్ళే వైద్యులు.

కథా నీతీ అయిపోయాయి, విన్నది చాలు, ఇక నువ్వు లే. వీధి చివర మిషను కుట్టే అలివేలు ఈమధ్య కిరాణా కొట్లో తలనొప్పి బిళ్ళలు తప్ప ఏమీ కొనడం లేదట. ఇదిగో, ఈ గోంగూర పచ్చడి గిన్నె పట్టుకెళ్ళి ఇచ్చిరా. గిన్నె తర్వాత పంపిస్తానంటే ఒప్పుకోకు. తను తీరిగ్గా తోమి ఇచ్చేదాకా పక్కనే కూర్చుని, ఏమైనా చెబితే ఊఁ అను.