ఉమ్మేసిన గింజ

అనగనగా ఒక అడవిలో ఒక దుప్పుల మంద ఉండేది. దుప్పి అంటే తెలుసుగా, ఒంటినిండా తెల్ల చుక్కలుండే జింక. దేవుడు ఆ దుప్పులకు నాలుగేసి కాళ్ళిచ్చాడు. అవి మాత్రం ఆ కాళ్ళతో ఒకటే పని చేసేవి. నిలబడేవి!

ఎందుకంటారా? ఆ అడవిలో ఒక పెద్ద మద్దిచెట్టు ఉంది. దాని మీద కొండముచ్చుల కాపురం. కొండముచ్చు కొమ్మ విరిస్తే సగం తింటుంది, సగం పారేస్తుంది. ఆ పారేసిన సగాన్ని కింద నిలబడ్డ దుప్పులు తినేవి. చిరుతపులి వస్తే కొండముచ్చులు పైనుంచి "ఖేఖ్! ఖేఖ్!" అని అరిచేవి. దుప్పులు పరుగు తీసేవి. అంతా అయ్యాక మళ్ళీ వచ్చి అక్కడే నిలబడేవి.

మందకు పెద్ద కొమ్ములయ్య. అతని కొమ్ములు పెద్దవే, మాట అంతకన్నా పెద్దది. "పైవాడు తిన్నది మనం తినొచ్చు. పైనుంచి పడిందే మన తిండి" అని కట్టడి చేశాడు. దుప్పిపిల్ల పుట్టగానే చెవిలో ఊదే మొదటి మాట అదే.

కూర్చున్న చోటికే కంచం వస్తే ఎవరికి చేదు, చెప్పండి? నాకు మాత్రం ఆ మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. ఎందుకో కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

ఆ మందలో చెంచలవ్వ అనే ముసలి దుప్పి ఉండేది. ఆమెకు కొండముచ్చుల ఎంగిలి సయించేది కాదు. పొద్దున్నే పిల్లలను పోగేసేది.

"పదండర్రా, చుట్టాలిళ్ళకు పోయొద్దాం" అనేది.

చుట్టాలంటే ఎవరనుకున్నారు? మొక్కలే! అవ్వ లెక్కలో అడవిలో ప్రతి మొక్కా ఒక చుట్టం. వాగు ఒడ్డున పచ్చగా పాకే పొన్నగంటి అత్త. ఎప్పుడు పోయినా కడుపునిండా పెడుతుంది. నేలంతా ముళ్ళు పరిచే పల్లేరు బావ. మేనమామ కొడుకు కదా, ఆటపట్టించకుండా వదలడు. అందుకే కిందికి చూసి అడుగెయ్యాలి. ఇక ముళ్ళకాయల ఉమ్మెత్త ఉందే, ఆయన కోపిష్టి పెదనాన్న.

"ఈయన ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. దణ్ణం పెట్టి పక్కనుంచి పోవాలి" అనేది అవ్వ. "తిట్టకూడదు, తినకూడదు."

పిల్లలు వరసగా నిలబడి ఉమ్మెత్తకు దణ్ణం పెట్టేవారు. వాళ్ళలో చిటికి అనే పిల్ల ఒకతి ఉండేది. దానికి ప్రశ్నలు ఎక్కువ.

"అవ్వా, నాకు తెలియని మొక్క ఎదురైతే? నువ్వు పక్కన లేకపోతే?"

అవ్వ నేల మీద పడున్న ఒక కాయను కాలితో దొర్లించింది. ఉడత కొరికి వదిలేసిన కాయ అది.

"చూడు. ఉడత లోపలిది తిన్నది. తొక్క వదిలేసింది. తిన్నది చూసి మురిసిపోకు తల్లీ, వదిలింది చూడు. తిన్నవాడి నోరు చెప్పని సంగతి వాడు వదిలింది చెబుతుంది. అదీ తెలియకపోతే, నోరు మూసుకుని ఆకలితో ఇంటికి రా. ఒకపూట ఆకలికి ఎవరూ చావరు."

చిటికి ఆ మాటను మూట కట్టుకుంది. అంతటితో ఊరుకుందా? ఊరుకుంటే అది చిటికి ఎందుకవుతుంది! మద్దిచెట్టు కిందికి రాగానే పైనుంచి ఒక రెమ్మ పడింది. చిటికి దాన్ని వాసన చూసింది. తలెత్తి కొండముచ్చుల పెద్దను పిలిచింది. ఆయన పేరు మసిమూతి మామ.

"మామా, ఇదేం ఆకు?"

మసిమూతి మామ తోక నిట్టనిలువునా లేచింది. "ఏంటీ? పెట్టిన చేతినే అడుగుతావా? పుట్టి నాలుగు నాళ్ళు కాలేదు, నా ఆకును వాసన చూస్తావా?"

"తినేముందు పేరు అడిగాను మామా. తప్పా?"

"తప్పే! ఓ కొమ్ములయ్యా! నీ మందలో పిల్లలకు నోరు లేస్తోంది. రేపటినుంచి చిరుత వస్తే మేం అరవం. వీళ్ళనే వాసన చూసుకోమను!"

కొమ్ములయ్యకు ముచ్చెమటలు పట్టాయి. కొండముచ్చులు అరవకపోతే మంద గతేం కాను? వెంటనే అందరినీ పిలిచి నిలబెట్టాడు.

"చెంచలీ, ఇకనుంచి నడకలు లేవు. పిల్లలు చెట్టు నీడ దాటకూడదు. బయట చిరుత తిరుగుతోంది."

చెంచలవ్వ నవ్వింది. "చిరుతా? అది చెట్టు కిందికి రాదా? రోజూ ఒక్కచోటే నిలబడే మంద దానికి అంగట్లో పెట్టిన సరుకు. ఎక్కడుంటామో దానికి బాగా తెలుసు. నడిచేవాళ్ళనే అది వెతుక్కోవాలి."

"ఎదురు చెప్పకు! నడక మానతావా, మంద మానతావా?"

అడవిలో ముసలి దుప్పి ఒంటరిగా బతకడమంటే మాటలా? పిల్లలు అవ్వ కాళ్ళ దగ్గరికి చేరారు. చెంచలవ్వ వాళ్ళందరినీ ఒకసారి మూతితో తడిమింది. తర్వాత కొమ్ములయ్య కళ్ళలోకి సూటిగా చూసింది.

"మందే మానతాను. నా కాళ్ళు నిలబడటానికి పుట్టలేదు."

అలా అని వెనక్కి తిరగకుండా వాగు దాటి వెళ్ళిపోయింది. శభాష్ అవ్వా! నేనక్కడ ఉంటే చప్పట్లు కొట్టేవాణ్ణి.

చిటికి ఆ రోజంతా ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే లేచింది. మద్దిచెట్టు నీడ ఎక్కడిదాకా పడుతుందో చూసుకుంది. నీడ అంచు వెంబడే నడవడం మొదలుపెట్టింది.

"ఎక్కడికే?" అని వాళ్ళమ్మ కేకేసింది.

"చుట్టాలిళ్ళకు!"

కొమ్ములయ్య గుడ్లురిమాడు. "నడక వద్దన్నానా?"

"నీడ దాటొద్దన్నావు తాతా. దాటలేదు, చూసుకో. నీడలో నడవడానికి కూడా సెలవు కావాలా?"

కొమ్ములయ్య కొమ్ములు విదిల్చి అటు తిరిగాడు. నీడలో కూడా బోలెడు మొక్కలున్నాయి మరి! ఇన్నాళ్ళూ పైకి చూస్తూ నిలబడినవాళ్ళకు అవి కనబడలేదంతే. చిటికి వెనకాల ఇంకో పిల్ల నడిచింది. దాని వెనకాల ఇంకోటి. ఆఖరికి కొమ్ములయ్య సొంత మనవడు గుమ్మడు కూడా వరసలో చేరాడు. వాడు అందరికన్నా చిన్నవాడు, కాళ్ళు ఇంకా తడబడుతున్నాయి.

ఎండాకాలం వచ్చింది. మామూలు ఎండా అది? వాగు సన్నబడింది. మద్దిచెట్టు ఆకులన్నీ రాల్చేసి మోడులా నిలబడింది. కొండముచ్చులకే తిండి లేకపోతే కింద పడేదేముంటుంది? కొండముచ్చులు వాగు పక్కన ఇంకో చెట్టు మీదికి కాపురం మార్చాయి. ఆ చెట్టునిండా నున్నటి కాయలు, పసుపూ ఎరుపూ కలిసిన రంగులో మిలమిలా మెరుస్తున్నాయి. కొండముచ్చులు పండు చీల్చి గుజ్జు చప్పరిస్తున్నాయి. కాయలు టపటపా కింద పడుతున్నాయి. మంద పరుగున వచ్చి ఆ చెట్టు కింద నిలబడింది. డొక్కలు ఎండిపోయి ఉన్నాయి పాపం.

గుమ్మడు అందరికన్నా ముందు ఒక కాయను నోట కరుచుకున్నాడు. చిటికి ఒక్క దూకు దూకి తలతో వాడిని గుద్దింది. కాయ ఎగిరి అవతల పడింది. గుమ్మడు భోరుమన్నాడు.

"పిల్లాడి నోటికాడ కూడు పడగొడతావా!" కొమ్ములయ్య కొమ్ములు దించి మీదికొచ్చాడు.

చిటికి కాయకూ గుమ్మడికీ మధ్యన నిలబడింది. "ఇది ఏం కాయ తాతా?"

"ఏదైతే నీకెందుకు? పైవాడు తింటున్నాడు, కనబడటంలా?"

"నీకూ దాని పేరు తెలియదు. నాకూ తెలియదు. అందుకే తినను."

"నేను చెబుతున్నాను, తిను!"

"తినను. తిననివ్వను. పొడుస్తావా, పొడువు!"

పిల్లలూ, వినండి. చిటికి ఎత్తు కొమ్ములయ్య మోకాలి దాకా ఉంటే ఎక్కువ. ఆ ఎత్తునుంచే అన్నది ఆ మాట.

పైనుంచి మసిమూతి మామ ఇకిలించాడు. "నేను తింటూనే ఉన్నా కదే! చచ్చానా?"

చిటికి తలెత్తింది. అప్పుడు దానికి అవ్వ మాట గుర్తొచ్చింది. తిన్నది కాదు, వదిలింది చూడు. తల దించి నేల చూసింది. చెట్టు చుట్టూ గింజలే. బిళ్ళల్లా గుండ్రంగా, చదునుగా, ఒక్కటి కూడా విరగకుండా పడున్నాయి.

"మామా, గుజ్జు చప్పరించి గింజ ఎందుకు ఉమ్మేస్తున్నావు?"

"అదీ... అలవాటు."

"ఒక్క గింజ కొరికి చూపించు. నువ్వు కొరికితే మేమందరం తింటాం."

మసిమూతి మామ ఇకిలింపు ఆగిపోయింది. ఆయన చంక గోక్కున్నాడు. పక్క కొమ్మ వైపు చూశాడు. గింజ మాత్రం కొరకలేదు.

మందలో గుసగుసలు లేచాయి. కొమ్ములయ్యకు తల కొట్టేసినట్టయింది. చేతకాని కోపం ఉంది చూశారూ, అది ముందు సొంత కడుపునే చెరుపుతుంది.

"ఇన్నేళ్ళు పెట్టిన మామ మనకు విషం పెడతాడా? ఇదిగో, నేను తింటున్నా!" అంటూ కాయను గింజలతో సహా కరకరా నమిలాడు.

నమిలీ నమలగానే మొహం వికారంగా మారింది. చేదు! నాలిక చివరినుంచి చెవుల దాకా చేదు! ఉమ్మేయబోయాడు, సగం అప్పటికే లోపలికి పోయింది. కాసేపటికి ఒళ్ళు బిగుసుకుంది. కాళ్ళు కట్టెల్లా అయ్యాయి. ఎండిన ఆకుల మీద ధబ్బున పడి కొట్టుకున్నాడు.

"తాతా! తాతా!" అని గుమ్మడు గోల పెట్టాడు.

మసిమూతి మామ మొదటిసారి చెట్టు దిగి వచ్చాడు. ఆయన మొహం ఇంకా నల్లబడింది. "మాకు గింజ పడదని మా తాతలు చెప్పారు. మీరు గింజతో నములుతారని నాకేం తెలుసు? నేనెప్పుడూ కిందికి చూడలేదు."

"మేమెప్పుడూ అడగలేదు" అంది చిటికి. "అడిగితే అవ్వను వెళ్ళగొట్టారు."



కొమ్ములయ్య గట్టివాడు. సగం ఉమ్మేశాడు కాబట్టి బతికి బయటపడ్డాడు. సాయంత్రానికి లేచి నిలబడ్డాడు. కానీ వెనక కాలొకటి బిగుసుకుపోయి మళ్ళీ మామూలు కాలేదు. ఇంత జరిగినా ఆకలి ఆకలిగానే ఉంది. అందరూ కొమ్ములయ్య వైపు చూశారు. ఆయన చిటికి వైపు చూశాడు.

"నీడ దాటనిస్తావా తాతా?" అంది చిటికి.

కొమ్ములయ్య తల ఊపాడు.

చిటికి ముందు నడిచింది. వాగు దాటింది. ఎండాకాలంలో తిండి దొరికే చోటుకు అవ్వ ఎప్పుడో చెప్పిన గుర్తులు పట్టుకుని కొండ ఎక్కింది. కొండ అవతల గాలిలో తియ్యటి వాసన తగిలింది. అక్కడ ఇప్పచెట్లు! నేలంతా తెల్లగా, రసం నిండిన పువ్వులు. వాటి మధ్య చెంచలవ్వ పడుకుని తీరిగ్గా నెమరేస్తోంది. బక్కచిక్కి చచ్చిపోయి ఉంటుందనుకున్నారు అందరూ. అవ్వ ఒళ్ళు చేసింది!

చిటికి పరుగెత్తి అవ్వ మెడ కింద దూరింది. ఆ కాయ సంగతంతా చెప్పింది.

"ముసిడిచెట్టు అది, దాని గింజ విషం" అంది అవ్వ. "పేరు తెలియకుండానే గెలిచావా తల్లీ! ఇక దాని పేరు కూడా నీకు తెలుసు."

కుంటుకుంటూ కొమ్ములయ్య వచ్చాడు. "చెంచలీ, తప్పంతా నాదే. మందలోకి తిరిగి రా."

"రాను."

మంద నివ్వెరపోయింది.

"నేను రాను" అని మళ్ళీ అంది అవ్వ. "చెట్టు కింద నిలబడే మంద నాకు అక్కర్లేదు. నడిచే మందయితే, ఇదిగో, నా వెనక రండి. కొత్తగా చేరినవాళ్ళు వరసలో ఆఖరున నిలబడాలి. అదీ నా కట్టడి."

ఆఖరునంటే గుమ్మడి వెనకాల. కొమ్ములయ్య అంతేసి కొమ్ములేసుకుని వెళ్ళి అక్కడే నిలబడ్డాడు. మసిమూతి మామ పక్క కొమ్మల మీద వెంట వచ్చాడు. "చిరుత వస్తే మేం అరుస్తాం. ఏం తినాలో మాత్రం మీరే చూసుకోండి" అన్నాడు. అది న్యాయమైన మాట.

మర్నాడు పొద్దున్నే వరస కదిలింది. నాలుగడుగులు పోయాక కొమ్ములయ్య ఒక చిన్న మొక్క దగ్గర ఆగాడు. ఎన్నేళ్ళుగానో తొక్కుకుంటూ తిరిగిన మొక్క అది. ఏనాడూ దాని మొహం చూడలేదు.

"అమ్మా చిటికీ, దీని పేరేంటి?" అని మెల్లగా అడిగాడు.

చిటికి వెనక్కి తిరిగింది. దాని కళ్ళలో కొంటెతనం మెరిసింది.

"చెప్పను తాతా. వంగి చూడు."

కొమ్ములయ్య వంగాడు.

నీతి: ఎవరో తిన్నారని తెలియని కాయ నోట పెట్టకు, ఎవరో వద్దన్నారని అడగడం మానకు. నీ కాళ్ళతో నడిచి, నీ కళ్ళతో చూసి నేర్చుకున్నదే నిన్ను కాస్తుంది.