ఆరని చీర

మీరు ఊఁ కొడితేనే కథ నడుస్తుంది, లేదంటే ఇక్కడే కూర్చుంటుంది. అనగనగా, మన తాతల తాతలకూ తెలియని కాలంలో ఒక రాజ్యం. ఆ రాజుకు తెలిసిన మందు ఒకటే, చెర. మేక రాజుగారి తోటలో పడిందా, మేకలాయన చెరలోకి. ఎదురుపడి దండం పెట్టలేదా, చెరలోకి. అడవిలో కట్టె విరిచాడా, చెరలోకి. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా? ఒక చెర నిండితే ఇంకోటి కట్టించాడు, అదీ నిండితే ఇంకోటి. దున్నేవాళ్లు లోపల, బీళ్లు బయట.

ఆ చెరకు అంబలి కాచి మోసే మనిషి దాలమ్మ. కట్టె విరిచినందుకు లోపలికి వెళ్లిన ఆమె మొగుడు అక్కడే పోయాడు.

ఆ రాజ్యంలో పాత కట్టడి ఒకటుంది. ఎవరైనా ఏట్లో మునిగి, తడిబట్టతో చెర వాకిట నిలబడి ఒక ఖైదీకి పూచీ పడితే ఆ ఖైదీని వదలాలి. పున్నమి పున్నమికీ అతను పొద్దుగుంకేలోగా వచ్చి కనబడాలి. ఆ రోజు అతను వచ్చేదాకా పూచీ పడ్డవాళ్లు తడిబట్టతో వాకిట నిలబడాలి. అతను రాకపోతే వాళ్లే లోపలికి. అందుకే ఎవరూ నిలబడేవారు కారు. తన మొగుడికీ ఎవరూ నిలబడలేదు. ఆ ముల్లు దాలమ్మ గుండెలో అలాగే ఉంది.

ఒకనాడు ఆమె ఏట్లో మునిగి వచ్చింది. మేకల గవరయ్యకు పూచీ పడింది. పున్నమికి గవరయ్య వచ్చాడు. మళ్లీ మునిగింది. దండం పెట్టని కన్నమ్మకు పూచీ పడింది. పున్నమికి కన్నమ్మా వచ్చింది. మూడోసారి మునిగి, ఎడ్ల దొంగ సూరిగాడికి పూచీ పడింది.

"దొంగకు పూచీ ఏటే? కొరివితో తల గోక్కుంతావా?" అంది కన్నమ్మ.

"ఎడ్లు తెచ్చిచ్చేత్తానన్నాడే. లోపలుంటే ఎలాగ తెత్తాడు?" అంది దాలమ్మ.

పున్నమి వచ్చింది. గవరయ్య వచ్చాడు, కన్నమ్మ వచ్చింది, సూరిగాడు రాలేదు. దాలమ్మ తడిచీరతో దారి చూసింది. దారిలో దుమ్ము లేచింది. అది గాలి. మళ్లీ లేచింది. అది గొర్రెలమంద. ఆ తరవాత దుమ్మే లేవలేదు. పొద్దు కుంకింది.

"కూసింతసేపు ఆగండి బావూ, వొత్తాడు" అంది. కొత్వాలు చెర తలుపు తీశాడు.

లోపల నడుం వాల్చడానికి చోటు లేదు, ఎండ పొడ లేదు. కట్టుకున్న చీర ఆరలేదు. జ్వరం పట్టుకుంది. "వొత్తాడు, వొత్తాడు" అంటూనే మూడోనాడు కన్నుమూసింది.

ఆ సాయంత్రమే సూరిగాడు కుంటుకుంటూ వచ్చాడు, వెనక రెండు ఎడ్లు. కొండల్లో వాన పడి దారిలో గెడ్డవాగు పొంగింది. ఎడ్లను దాటించబోయి కాలు విరగ్గొట్టుకున్నాడు.

"నానొచ్చీసినాను, అమ్మని ఒగ్గీయండి!" అని అరిచాడు.

కావలివాళ్లు తల దించుకున్నారు. సూరిగాడు నేలమీద పడి ఏడ్చాడు. తరవాత లేచి, ఏట్లో మునిగి, తడిబట్టతో వచ్చాడు. తలుపు సందులోంచి చూస్తున్న ముసలి ఖైదీని చూపించి, "లోపలున్న ఆ ముసిలోడికి నాను పూచీ" అన్నాడు.

"ఖైదీవి, నీ పూచీ ఎవడికిరా?" కొత్వాలు కత్తి దూశాడు.

వెనక నీళ్లు కారుతూ గవరయ్య నిలబడ్డాడు. "సూరిగాడికి నాను పూచీ."

"గవరయ్యకి నాను" అంది కన్నమ్మ.

కన్నమ్మ వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఊరు. ఏటి నుంచి చెర దాకా నేల తడిసిపోయింది. ఆ వరసలో కొత్వాలు పెళ్లాం కూడా ఉంది. ఆమెను చూసి అతను కత్తి దించాడు. ఇంతమందిని మూయడానికి రాజుకు మాత్రం గోడలెక్కడివి? రాజే తలుపులు తీయించాడు. ఆ చెరల రాళ్లతోనే గెడ్డ మీద వంతెన కట్టారట.

ఇప్పటికీ ఆ ఊళ్లలో ఎవరిమీదైనా నేరం పడితే, "ఏం చేశాడు?" అని అడిగే ముందు ఒకరు లేచి భుజాల మీద కడవెడు నీళ్లు పోసుకుంటారు. చలికాలమైనా సరే. కట్టడానికి తెచ్చిన తాడు పక్కన పెట్టించి, పెద్దమనిషి ఒకే మాట అంటాడు. "ఆగండర్రా, దాలమ్మ చీర ఇంకా ఆరలేదు."