గజ్జె కట్టిన గద్ద

మబ్బులొచ్చి కోట గోడకి తగిలే పొన్నగిరిలో, చాలా ఏళ్ళ కిందట, ఒక రాజు ఉండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి గుర్రాలు ప్రాణం, నడిపివాడికి కత్తులు ప్రాణం, చిన్నవాడు సోమకేతుకి వేటడేగలు ప్రాణం.

సోమకేతుకి హేమరేఖ అనే రాజకుమారిని ఇస్తామన్నారు. ఆ పిల్ల తనని కాదందని ఒక మాంత్రికుడు ఆమెని బెగ్గురు కొంగని చేసి, ఏడు సముద్రాల అవతల కొంగల దీవిలో వదిలేశాడు. వెతకబోయిన పెద్దవాడు మూడో సముద్రం చూసి వెనక్కొచ్చాడు. నడిపివాడు అయిదోది చూసి వెనక్కొచ్చాడు. సోమకేతు ఒక ముసలి తాబేలు వీపెక్కి ఏడూ దాటాడు.

"ఏం తింటావు నాయనా, ఇంత బరువున్నావు!" అని ఆయాసపడింది తాబేలు. "విను. మాంత్రికుడి ప్రాణం వాడి గద్ద కాలి గజ్జెలో ఉంది. ఆ గద్దని పట్టినవాడు ఇంతవరకు లేడు."

మిట్టమధ్యాహ్నం గజ్జె ఘల్లుమంది. మనిషంత ఎత్తు కొంగలు, వందల కొంగలు, ఒక్కసారే మెడలెత్తాయి. పైన చుక్కలా కనిపించిన గద్ద రెక్కలు ముడిచింది. ఇంక చూడండి, కొండ మీంచి బండ దొర్లినట్టే వచ్చింది! గాలి చిరిగిన చప్పుడైంది. అంత పెద్ద కొంగా దాని గోళ్ళలో పిచ్చుకలా గిలగిల్లాడింది. సోమకేతు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఈకలు చాలాసేపు దిగుతూనే ఉన్నాయి.

మాంత్రికుడొచ్చి కొంగని మొత్తం సంచిలో వేసుకుపోయాడు.

"అదేంటి తాతా, గద్దకి వాటా పెట్టలేదు? మా ఇంట్లో డేగకి తొలి ముక్క పెట్టాకే మేం అన్నానికి కూచుంటాం."

"వాడా? ఈక కూడా పెట్టడు."

రెండో రోజూ అంతే. అన్ని వందల్లో హేమరేఖ ఏదో తెలియదు. రేపు ఎవరి వంతో తెలియదు. మూడో రోజు పొద్దున్నే సోమకేతు తాబేలు చేత పెద్ద పండుగప్ప చేపని పట్టించి, ముంజేతికి తోలు చుట్టుకుని కూర్చున్నాడు.

గజ్జె ఘల్లుమంది. గద్ద గురిపెట్టిన కొంగకి ముక్కుపుడక తళుక్కుమంది. హేమరేఖే!

గోళ్ళు ఆమె వీపుకి జానెడు దూరంలో ఉండగా సోమకేతు ఈల వేశాడు. "రా తల్లీ! ఇది నీ వాటా!"

గద్ద గాల్లోనే తిరిగింది. దాని రెక్కల కింద ఎండ మాయమైంది. చేతిమీద వాలితే ఆ బరువుకి సోమకేతు మోకాళ్ళ మీద పడ్డాడు. అది ఆవురావురుమని తింటుంటే మెల్లగా గజ్జె విప్పాడు.

మాంత్రికుడు రొప్పుకుంటూ వచ్చాడు. "ఒరేయ్, ఇటిచ్చెయ్! నా కోట నీకు రాసిస్తా!"

"నోరులేని పిట్టకి ముక్క పెట్టనివాడివి, నాకు కోటిస్తావా?" అని సోమకేతు గజ్జెని రాతికేసి కొట్టాడు. వాడు బూడిదై రాలిపోయాడు.

హేమరేఖ ఆడపిల్లై నిలబడింది. "ఇంకాస్త ఆగితే కూరయిపోయేదాన్ని కదండీ," అంది, నవ్వుతూ వణుకుతూ.

పొన్నగిరిలో పెళ్ళయింది. విందులో తొలి ముక్క కోట గోడ మీద పెట్టించారు. ఏడు సముద్రాలు దాటి ఆ గద్ద వచ్చింది. దాని నీడ పందిరి మీద పడగానే పెళ్ళివారంతా, ఆ కొంగల్లాగే, ఒక్కసారి మెడలెత్తారు.

సోమకేతు, హేమరేఖ అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. గోడ మీద ఆ ముక్క పెట్టడం మాత్రం ఒక్కరోజైనా మానలేదు.