మొగ దాటిన బొమ్మచేప

అనగనగా ఒక ఊరు. ఊరంటే ఎంతో అనుకునేవు, ఒక్కటే ఇల్లు! ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు తల్లీ. ఓ గాలివానకి ఆ మొగ జరిగి, పల్లెని అడ్డంగా కోసేసింది. పల్లెంతా అవతల ఉండిపోయింది. సోమాలమ్మ పాక ఒక్కటీ ఇవతల మిగిలిపోయింది. పనేమీ లేకుండా ఆ ఉరవడి దాటి ఎవరొస్తారు?

సోమాలమ్మకి మొగుడు లేడు, పిల్లలు లేరు. వల ఉంది. కానీ వల లాగాలంటే అటొకరు, ఇటొకరు ఉండాలి కదా! దాన్ని చూరుకి వేలాడేసి, దాంతోనే మాట్లాడుకునేది పిచ్చిది. "ఇవాళ ఏం కూరొండమంతావే?" అని అడిగేది. వల ఏం చెబుతుంది?

అప్పుడు గాలం వేద్దామనుకుంది. మొగలో పండుగప్పలనే పెద్ద చేపలుంటాయి. మహా టెక్కు వాటికి, చచ్చిన ఎర ముట్టవు. సరే, కదిలే బొమ్మచేపని చేద్దామని కర్ర, కత్తి పట్టుకు కూర్చుంది.

మొదట బూరుగు కర్రతో చేసింది. మరీ తేలిక కదా, నీళ్ళ మీద గెంతి గెంతి, దారం పుటుక్కున తెంపుకుని పోయింది.

ఆ తర్వాత తుమ్మ కర్రతో చేసి, బోలెడు సీసం కట్టింది. అది బుడుంగున మునిగి బండల్లో ఇరుక్కుంది. అదీ పోయింది. ఆ పూట గంజి తాగింది. "పోయిందే" అని చెప్పుకోడానికైనా మనిషి లేడు. ఆకలి కంటే అదే ఎక్కువ బాధ.

మర్నాడు ఒడ్డున కూర్చుని నీళ్ళలోకి చూసింది. చిన్నచేపలు ఉరవడికి ఎదురు తిరిగి, తల కాస్త వంచి, తోకాడిస్తూ నిలబడ్డాయి. "ఓసి నా తెలివి తెల్లారినట్టే ఉంది!" అనుకుంది. మళ్ళీ బూరుగు కర్రే తీసింది. పొట్టలో చిటికెడు సీసం పొదిగింది. మూతి కింద కొబ్బరిచిప్ప ముక్కని ఏటవాలుగా అతికించింది. నీళ్ళు ఆ చిప్పని తోసేసరికి బొమ్మ కిందికి దిగి, వయ్యారంగా అటూ ఇటూ ఊగింది.

పండుగప్ప గబుక్కున మింగేసింది. ఎంతుందో తెలుసా? నీ అంత! ఉరవడిలో పడి అవతలి గట్టు వైపు లాక్కుపోయింది. దారం కోసుకుని సోమాలమ్మ అరచేతులు ఎర్రబడ్డాయి. ఇదీ పోతుందని ఏడ్చేసింది.

అప్పుడు అవతల పీతలేరుకుంటున్న నూకరత్నం అనే పల్లె మనిషి మోకాలిలోతు నీళ్ళలోకి దూకి, చేపని వాటేసుకుంది.

"ఒలప్పో! దారం ఒదలకే, నాను పట్టీసినాను!"

సోమాలమ్మ దారాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. మనిషి గొంతు విని ఎన్నాళ్ళయిందో!

ఆ పల్లెలో ఓ ఆచారం ఉంది. చేప మీద ఎవరు చెయ్యేస్తే వాళ్ళకో పాలు. అదీ ఇద్దరూ ఎదురుగా కూర్చునే పంచుకోవాలి. అందుకని ఉరవడి తగ్గి నీళ్ళు నిలిచేదాకా ఆగి, నూకరత్నం తెప్ప మీద చేపతో వచ్చింది. కొంగుముడి విప్పి ఇంకొకటి కూడా చేతిలో పెట్టింది. అది మొదట తెగిపోయిన బూరుగు బొమ్మ!

"పోటుకి మా ఒడ్డుకి కొట్టుకొచ్చింది. సేసినోలు ఎవులో ఎతుక్కుంటా వస్తారని గుమ్మానికి కట్టీసినాను. నాకూ నా అన్నోలు ఎవులూ నేరప్పా."

ఇద్దరూ పులుసు పెట్టుకుని తిన్నారు. ఆ తర్వాత సోమాలమ్మ లేచి, చూరుకున్న వల దింపింది. ఇప్పుడు అటొకరు, ఇటొకరు ఉన్నారు మరి.

మొగ దాటి కథ కంచికి,
తెప్పెక్కి మనం ఇంటికి,
నిద్దర రావాలి నీ కంటికి.